చూసింది ముగ్గురినే

ఆరోగ్యస్వామిని నరికి చంపింది మార్చి నెలలో ఒక ఆదివారం, పొద్దున పదిన్నరకు. ఆ పూట అల్ఫియా నరసరావుపేట నుంచి స్కూటీ మీద బయలుదేరేటప్పుడు ఆమె బుర్రను తొలిచేస్తున్న సంగతి ఒక్కటే. రెండో లోయ ఎందుకు లేదు?

ఆమెకు ముప్పై ఒకటి. లేతు మిషను పెట్టుకుని ట్రాక్టరు సామాన్లు బాగుచేసే అబ్దుల్ రహీమ్‌కు ఒక్కగానొక్క కూతురు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ ఆరేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తోంది. కాగితం మీద గైడు వేరే ఎవరో ఉన్నారు గానీ, నేర్పేది గోపాలకృష్ణయ్య గారే. యూనివర్సిటీలో రిటైరయ్యాక ఆయన బెల్లంకొండ దాటి లోపలికి ఉండే సొంతూరికి వచ్చేశారు. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి కొడుకు ఆనంద్ ఇంట్లో వసారా పక్కనున్న గది ఆయనది. ఆదివారాలు ఆ గదిలోనే ఇద్దరూ కూర్చుని ప్రోటాన్ల గురించి మాట్లాడుకునేవారు.

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులో భూమి కింద ఉన్న సొరంగంలో ప్రోటాన్లను దాదాపు వెలుతురంత వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. చాలాసార్లు అవి పగిలి వందల ముక్కలవుతాయి. నాలుగింట ఒకసారి మాత్రం రెండూ పగలకుండా, కొంచెం దారి తప్పి బయటికొస్తాయి. దాన్నే ఎలాస్టిక్ స్కాటరింగ్ అంటారు. ఎన్ని ప్రోటాన్లు ఎంతెంత వంగాయో లెక్కపెట్టి గీత గీస్తే, ఆ గీతను బట్టి ప్రోటాన్ లోపల ఏముందో ఊహించవచ్చు. గీత మొదట నిటారుగా పడిపోతుంది. తర్వాత ఒక లోయ, లోయ పక్కన చిన్న మిట్ట. గోపాలకృష్ణయ్య గారు నలభై ఏళ్ళ క్రితం రాసిన ఫార్ములా ఆ లోయను దాదాపు సరైన చోటనే పట్టుకుంది. అయితే మిట్ట దాటాక ఇంకో లోయ ఉంటుందని కూడా ఆ ఫార్ములా చెప్పింది. కొత్త కొలతలొచ్చాక చూస్తే, మిట్ట తర్వాత గీత నున్నగా దిగిపోతోంది. రెండో లోయ ఆనవాలు కూడా లేదు.

ఆ రోజు అల్ఫియా లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టింది. గీత కొలతలన్నిటి మీదుగా చక్కగా పోతోంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చానాసేపు చూశారు. "ఈ చివర్లో కొత్త ముక్క ఒకటి కలిపావు. ఇది దేనికి గుర్తమ్మాయ్?"

"తెలీదు సార్. పెడితే సరిపోతంది."

"లోపల ఏం జరుగుతోందో తెలీకుండా సరిపోయేట్టు పెట్టేదాన్ని అతికించడం అంటారు. తీసెయ్."

"తీసేస్తే మీ ఫార్ములా అక్కడ తప్పని తేలిపోద్ది గదా సార్."

"తేలనీ. తప్పని మనమే రాద్దాం. ఇంకొకళ్ళు రాస్తే బాగుండదు." ఆయన నవ్వారు.

అప్పుడే బయట బండి ఆగిన చప్పుడు వినిపించింది.

ఆ ఊళ్ళో ఎత్తిపోతల కమిటీ ఎన్నిక జరిగి మూడు వారాలైంది. ఆనంద్ ఓడిపోయాడు. గెలిచిన శ్రీనివాసరావు మోటార్ల తాళాలు తీసుకుని, ఆనంద్ వైపు రైతుల మిరప చేలకు చివరి తడి ఇవ్వకుండా ఆపాడు. శుక్రవారం నాడు ఆనంద్ మనుషులు మోటారు షెడ్డు మీద పడి తాళాలు పగలగొట్టారు. అక్కడున్న శ్రీనివాసరావు తమ్ముడి కాలు విరగ్గొట్టారు. ఈ సంగతేదీ అల్ఫియాకు తెలియదు. తెలిసిన గోపాలకృష్ణయ్య గారు, ఇంటి మీదికి వస్తారని అనుకోలేదు. ఆనంద్ మాత్రం అనుకున్నాడు. భార్యాబిడ్డల్ని తీసుకుని శనివారమే సత్తెనపల్లి వెళ్ళిపోయాడు. పెదనాన్నకు ఒక్కమాట చెప్పలేదు.

ఇంటి ముందు కల్లంలో ఆరోగ్యస్వామి ఒక్కడే మిరపకాయలు తిరగేస్తున్నాడు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్నవాడు. ట్రాలీ ఆటోలోంచి మనుషులు దూకడం చూసి పలుగొర్రు అడ్డంపెట్టి నిలబడ్డాడు.

"ఆనందయ్య లేడు. ఇంట్లో ఎవురూ లేరు, పెద్దాయన తప్ప. పోండయ్యా."

"జరగరా!"

"లేడంటన్నా గదయ్యా!"

అల్ఫియా గది గుమ్మంలోకి వచ్చేసరికి మొదటి వేటు పడింది. వేటకొడవలి అతని మెడకూ భుజానికీ మధ్య దిగింది. కొట్టినవాణ్ణి ఆమె గుర్తుపట్టింది. పురుగుమందుల కొట్టు వీరాంజనేయులు. పోయిన ఆదివారం ఆమె స్కూటీలో గాలి లేకపోతే పంపు తెచ్చి కొట్టించింది అతనే. ఆరోగ్యస్వామి పడిపోలేదు. పలుగొర్రు వదిలేసి, రెండు చేతులతో ఆ కొడవలి పట్టుకున్నాడు. రెండోవాడు, ట్రాక్టరు తోలే కోటయ్య, వెనక నుంచి ఇనపరాడ్డుతో తల మీద కొట్టాడు. కాయ పగిలినట్టు చప్పుడైంది. పడ్డాక కూడా ఆపలేదు. గళ్ళ చొక్కా వేసుకున్న ఇంకొకడు, కింద పడ్డ మనిషి పొట్టలో రెండుసార్లు పొడిచి, అంతటితో ఆగక కత్తి మళ్ళీ ఎత్తి పొడిచాడు.

"ఒరేయ్ కోటయ్యా! ఏందిరా ఇది, ఏందిరా!" అంటూ గోపాలకృష్ణయ్య గారు ఆమెను తోసుకుని వసారా దిగారు. డెబ్బైరెండేళ్ళ మనిషి, చేతిలో కళ్ళజోడు తప్ప ఏమీ లేదు. గళ్ళ చొక్కావాడు ఇటు తిరిగి కత్తితో వేటు వేశాడు. ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టారు. మోచేతి కింద ఎముక తెల్లగా కనపడింది, మరుక్షణం రక్తం కమ్మేసి కనపడలేదు.

అల్ఫియా అరుస్తూ మూడడుగులు వేసింది. పక్కనుంచి ఎవరో గుప్పెడు కారం ఆమె మొహాన కొట్టారు.

ఆ తర్వాత ఆమెకు చూపు లేదు. కళ్ళలో నిప్పు పోసినట్టుంది. ముక్కులోకి, గొంతులోకి కారం పోయి ఊపిరాడలేదు. చుట్టూ చాలా కాళ్ళు పరిగెత్తుతున్నాయి. తలుపులు పగులుతున్నాయి. లోపల బీరువా పడిపోయింది. "లేడురా, పారిపోయాడు నా కొడుకు" అని ఎవరో అన్నారు. ఇంకెవరో ఆమె డొక్కలో తన్నారు. ఆమె నేల మీద పాకుతూ సార్‌ను వెతికింది. చేతికి వేడిగా, జిగటగా తగిలాక అది ఆయన చెయ్యేనని తెలిసింది. చున్నీ చుట్టింది, రక్తం ఆగలేదు. గుడ్డిగా గదిలోకి పాకి, లాప్‌టాప్ చార్జరు వైరు లాక్కొచ్చి మోచేతి పైన నాలుగు చుట్లు చుట్టి, పెన్ను దూర్చి మెలిపెట్టింది. పెన్ను విరిగింది. పళ్ళతో వైరు బిగించి పట్టుకుంది. ఆటో వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక కూడా వదల్లేదు. అంబులెన్సువాళ్ళు వచ్చి దవడ మీద చెయ్యేసి విడిపించేదాకా అలాగే ఉంది.

ఆరోగ్యస్వామి కల్లంలోనే చనిపోయాడు. ఎర్రటి మిరపకాయల మీద రక్తం ఎంతదాకా పారిందో పోలీసులు వేళ్ళతో తడిమి చూసుకోవాల్సి వచ్చింది.

గుంటూరు ఆసుపత్రిలో గోపాలకృష్ణయ్య గారి కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. అల్ఫియా కళ్ళు కడిగి, మందు వేసి, రెండు రోజులు కట్టుకట్టి ఉంచారు. మూడోరోజు కట్టు విప్పాక ఆమె ఆయన మంచం దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆనంద్ ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడతపెట్టిన కాగితం.

"మేడం, రండి. మీకోసమే చూస్తన్నా. ఇందులో పదకొండు పేర్లున్నయ్. ఒకటికి రెండుసార్లు చదూకోండి. ఎల్లుండి మేజిస్ట్రేటు ముందు ఈ వరసలోనే చెప్పాల."

మొదటి పేరు శ్రీనివాసరావు. రెండోది అతని బావమరిది. వీరాంజనేయులు, కోటయ్య ఐదు, ఆరు స్థానాల్లో ఉన్నారు. మిగతావాళ్ళలో చాలామంది ఆమెకు తెలియనే తెలియదు.

"నేను చూసింది ముగ్గురిని. మూడోవాడి పేరు నాకు తెలీదు, మొహం గుర్తుంది."

"అది నేను చెప్తాగా. మిగతావాళ్ళు కూడా ఉన్నారు మేడం. మీ కళ్ళలో కారం పడింది గాబట్టి మీకు కనపళ్ళా, అంతే."

"మరి కనపడ్డారని ఎట్టా చెప్పను?"

ఆనంద్ పెదనాన్న వైపు చూశాడు. గోపాలకృష్ణయ్య గారు కళ్ళు తెరిచే ఉన్నారు. మూడు రోజుల్లో ఆయన మొహం లోపలికి పీక్కుపోయింది.

"చెప్పమ్మాయ్," అన్నారు. "వాడు చెప్పినట్టు చెప్పు."

అల్ఫియా తాను విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు ఆయన మీదికి వంగింది.

"ముగ్గురే లోపలికి పోతే ఏం లాభం? పంపించినవాడు బయట ఉంటాడు. నెలలోపల మావాణ్ణి కూడా నరుకుతాడు. నాకు మిగిలింది వీడొక్కడే."

"సార్... మీరేనా?"

"చెయ్యి ఉన్నప్పుడు మాట్లాడింది వేరు." ఆయన కట్టు కట్టిన మొండి వైపు చూసి మొహం తిప్పుకున్నారు. "వాళ్ళు రేపు నీ ఇంటికీ వస్తారు. చెప్పెయ్."

ఆమె కాగితం మంచం మీద పెట్టేసి బయటికొచ్చింది. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం తనను ప్రశ్నలతో ఉతికి ఆరేసిన మనిషి ఆయనేనా అనుకుంటూ వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. కోపం వచ్చింది. జాలి కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

మెట్ల దగ్గర ఆరోగ్యస్వామి భార్య ప్రేమమ్మ కూర్చుని ఉంది. పోస్టుమార్టం కాగితాల కోసం వచ్చింది. అల్ఫియాను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"పేర్లు రాసుకొచ్చాడంట గదమ్మా ఆనందయ్య. అందులో మా తమ్ముడుండాడంట, నిజమేనా?"

ఏడో పేరు. అల్ఫియా తలూపింది.

"శ్రీనివాసరావు దగ్గర పన్జేస్తన్నాడు గాబట్టి రాశారమ్మా. ఆ పూట వాడు పిడుగురాళ్ళలో సున్నం లోడుకు పోయాడు. తాగుబోతే, కాదన్ను. బావంటే మాత్రం పానం." ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తీసి, మళ్ళీ అంది: "నువ్వు చూస్తే చెప్పు. వాడు కత్తెత్తుంటే ఉరెయ్యమని నేనే అడుగుతా. చూడకపోతే మాత్రం... మొగుణ్ణి పూడ్చా. తమ్ముణ్ణి కూడా పూడ్చమంటే నావల్ల గాదమ్మా."

ఇంట్లో తండ్రిది ఇంకో మాట. అబ్దుల్ రహీమ్ రెండు రోజులుగా లేతు తిప్పడం మానేసి, అరిగిపోయిన షాఫ్టు ఒకటి చేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటున్నాడు.

"ఎవర్నీ చూళ్ళేదని చెప్పెయ్ బేటీ. కళ్ళలో కారం పడిందన్నది లోకానికి తెలుసు. అట్టా చెప్తే రెండు వైపులవాళ్ళూ మన జోలికి రారు."

"చూశా గదా అబ్బా. ఆరోగ్యస్వామి కొడవలి చేత్తో పట్టుకున్నాడు. వేళ్ళు తెగి కింద పడ్డయ్. నా ముందే."

రహీమ్ షాఫ్టు కింద పెట్టి, లేచి లేతు దగ్గరికి వెళ్ళాడు.

మేజిస్ట్రేటు ముందు ఆమె ముగ్గురి గురించే చెప్పింది. ఎవరు ఏ ఆయుధంతో ఎక్కడ కొట్టారో, తన కళ్ళలో కారం ఎప్పుడు పడిందో, ఆ తర్వాత విన్నదేమిటో విడివిడిగా చెప్పింది. శ్రీనివాసరావును చూశారా అంటే లేదంది. ఆ వాంగ్మూలంతో ఆనంద్ పోలీసులకిచ్చిన లిస్టులోంచి ఏడుగురు జారిపోయారు. శ్రీనివాసరావు మీద కుట్ర సెక్షను ఒక్కటి మిగిలింది.

పన్నెండు రోజుల తర్వాత, శావల్యాపురంలో పరీక్ష డ్యూటీ ముగించుకుని సాయంత్రం నాలుగింటికి ఆమె తిరిగి వస్తుండగా, వెనక నుంచి కారు గుద్దింది. స్కూటీ ఒకవైపు పడితే ఆమె ఇంకోవైపు పడింది. మోకాళ్ళు చీరుకుపోయాయి. లేచేలోపు కారు తలుపులు తెరుచుకున్నాయి. ఆనంద్, అతనితో ఇంకొకడు దిగారు.

"ఏమే! ఆరేళ్ళు మా ఇంట్లో అన్నం తిని, మా పెదనాన్న చెయ్యి నరికినోళ్ళని కాపాడతావా? ఎంతకు అమ్ముడుపోయావే?"

జుట్టు పట్టుకుని ఈడ్చాడు. రెండోవాడు రాడ్డుతో భుజం మీద కొట్టాడు. లోపల ఏదో విరిగింది. ఎడమచెయ్యి ఇక లేవలేదు. ఆనంద్ చెంప మీద కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. కుడిచేతికి హెల్మెట్ దొరికింది. దాన్ని పట్టీ పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. హెల్మెట్ తగిలి ఆనంద్ ముక్కు చితికింది. అతను మొహం పట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు. అప్పుడు ఆమె ఆపి ఉండొచ్చు. ఆపాలనిపించలేదు. ఇంకోసారి కొట్టింది. చెవి తెగి వేలాడింది. మూడోసారి ఎత్తేటప్పుడు, కల్లంలో గళ్ళ చొక్కావాడు కత్తి మళ్ళీ ఎత్తినప్పటి మొహం ఆమెకు కళ్ళముందు ఆడింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

రెండోవాడు మళ్ళీ రాడ్డెత్తేలోపు పక్క చేలోంచి గొర్రెల కాపర్లు కేకలేస్తూ కర్రలతో పరిగెత్తుకొచ్చారు. రెండోవాడు ఆనంద్‌ను కార్లోకి తోశాడు. కారు వెళ్ళిపోయింది.

ఆసుపత్రి మంచం మీద వాంగ్మూలం తీసుకుంటూ సీఐ అడిగాడు: "కార్లో ఎంతమందున్నారు?"

"ఇద్దరు దిగారు. ఆనంద్‌ని గుర్తుపట్టా. ఇంకొకణ్ణి చూస్తే గుర్తుపడతా. బండి నడిపినోడి మొహం కనపళ్ళా."

"ఎవరై ఉంటాడు?"

"కనపళ్ళేదండీ."

"నేను హెల్మెట్‌తో రెండుసార్లు కొట్టా," అని తనే మళ్ళీ అంది. "అది కూడా రాయండి. రెండోది కొట్టక్కర్లేదు."

సీఐ పెన్ను ఆపి ఆమె మొహంలోకి చూశాడు. "మీతో చానా కష్టం మేడం," అని గొణిగి, ఆమె చెప్పింది రాసుకున్నాడు.

విరిగిన జబ్బ ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో ఆమె ఒంటిచేత్తో పేపరు రాసింది. మిట్ట దాటాక ఈ ఫార్ములా పనిచేయదని, ఎందుకు పనిచేయదో రచయితలకు తెలియదని చివరి పేరాలో రాసి, గోపాలకృష్ణయ్య గారికి పోస్టులో పంపింది. ఫోన్ చేయలేదు. పదిహేను రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

ముందు ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. 

"మావాడు నిన్ను కొట్టిన సంగతి నాకు నిన్ననే తెలిసింది," అన్నారు. "ఇంట్లో అందరూ దాచారు. వాడేమో బండి మీంచి పడ్డానన్నాడు."

"ఊఁ."

"వాడి ఇంట్లో ఉండలేనమ్మాయ్. గుంటూరులో గది చూసుకున్నా. పేపరు బాగుంది. పదకొండో సమీకరణంలో గుర్తు తప్పుపడింది, చూసుకో."

ఆమె సమీకరణం చూసుకుంది. తప్పు నిజంగానే ఉంది. అప్పుడు, దెబ్బలు తిన్నప్పుడు కూడా రాని ఏడుపు వచ్చింది.

కేసు నాలుగేళ్ళు నడిచింది. సాక్షుల్లో కొందరు మాట మార్చారు, కొందరు రాలేదు. డిఫెన్సు లాయరు అల్ఫియాను రెండు రోజులు నిలబెట్టి ప్రశ్నలు గుప్పించాడు. కారం పడ్డాక మీకేం కనపడింది అన్నాడు. ఏమీ కనపడలేదంది. శ్రీనివాసరావు అక్కడున్నాడా అన్నాడు, ఆమె చేత అవుననిపించి అబద్ధంలో పట్టుకుందామని. తాను చూడలేదంది. ఆనంద్ మీద మీరే కేసు పెట్టారు గదా అన్నాడు. పెట్టానంది. ఆ రెండు రోజులూ జడ్జి తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉన్నాడు. వీరాంజనేయులుకు, కోటయ్యకు, గుర్తింపు పరేడ్‌లో ఆమె వేలు పెట్టి చూపించిన గళ్ళ చొక్కావాడికి యావజ్జీవం పడింది. ఆనంద్‌కు వేరే కోర్టులో రెండేళ్ళు వేశారు. కుట్రకు సాక్ష్యం చాలక శ్రీనివాసరావును వదిలేశారు.

తీర్పు చెప్పిన రోజు మధ్యాహ్నం అల్ఫియా, ప్రేమమ్మ కోర్టు మెట్లు దిగుతున్నారు. ప్రేమమ్మ పక్కన ఆమె తమ్ముడు చేతిసంచి పట్టుకుని నడుస్తున్నాడు. వెనక నుంచి శ్రీనివాసరావు పదిమందితో దిగివచ్చి, వాళ్ళ ముందు ఆగాడు. తెల్లచొక్కా, మెడలో దండ. రెండు చేతులూ జోడించాడు.

"మేడం, మీ రుణం తీర్చుకోలేను. నిజం చెప్పి నన్ను కాపాడారు. మీకేం కావాలన్నా ఒక్క కబురంపండి."

అల్ఫియా ఆ చేతుల వైపు చూసింది. శుభ్రంగా, గోళ్ళు తీసి ఉన్నాయి. ఎడమ జబ్బలో పాతనొప్పి కలుక్కుమంది.

"నేను నిన్ను కాపాడలా," అంది. "నువ్వు పంపలేదని నేనెక్కడా చెప్పలా. నా కళ్ళకు కనపళ్ళేదని చెప్పా. ఆ రెంటికీ చానా తేడా ఉంది."

శ్రీనివాసరావు నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. అతని మనుషులు ఒక అడుగు ముందుకేశారు. ప్రేమమ్మ వాళ్ళకూ అల్ఫియాకూ మధ్యకు వచ్చి నిలబడింది. శ్రీనివాసరావు మొహంలోకి సూటిగా, రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది. ముందుగా అతనే చూపు తిప్పుకున్నాడు. మెడలో దండ సర్దుకుని, పక్కకు జరిగి, కారు వైపు నడిచాడు.

"పదమ్మా," అంది ప్రేమమ్మ. "పొద్దున్నించి ఏం తినలా నువ్వు."

బస్టాండు ఎదురుగా హోటల్లో ముగ్గురూ కూర్చున్నారు. ప్రేమమ్మ తమ్ముడు వెళ్ళి మూడు పెసరట్లు చెప్పివచ్చాడు. అల్ఫియా అట్టు ముట్టుకోకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. ప్రేమమ్మ ఆమె పళ్ళెం తన వైపు లాక్కుని, అట్టు చిన్న చిన్న ముక్కలుగా తుంచి, మళ్ళీ ఆమె ముందుకు జరిపింది.